టెలివిజను గూడు

ఇంటిలో నొక వస్తువు పోయి దాని స్థానమున మఱియొకటి వచ్చుట పెద్ద విశేషము గాదు. కాని పాత వస్తువు కొఱకు కట్టిన గూడు క్రొత్తదానికి సరిపడనప్పుడు కలుగు చిక్కు అనుభవించినవారికే తెలియును. పెర్కిట్ నందలి మా యింట గత మాఘమాసమున నట్టి చిక్కొకటి సంభవించెను. దానివలన మేము కొంత వడ్రంగము నేర్చితిమి. అంతకంటె ముఖ్యమైన యొక సంగతియు నేర్చితిమి. రెండును మీకు విన్నవించెదము.

మా యిల్లు చిన్నది. ముందు వసారా, నడుమ నొక గది, వెనుక వంటయిల్లు. ఆ నడిమి గదియే మాకు పడకటిల్లు. పిల్లల చదువు నందే. చుట్టములు వచ్చినచో కూర్చుండుటయు నందే. పసుపు ఉడికించి యారబెట్టిన పిదప బస్తాలును కొన్ని దినము లందే యుండును. ఆ గదిలో పడమటి గోడ నానుకొని మా మామగారు 1999వ సంవత్సరమున చేయించిన టేకు అల్మార యున్నది. ఆ యేటి పసుపు అమ్మిన సొమ్ముతో వారు 21 అంగుళముల టెలివిజను కొని, దాని కొలతకు సరిగా అల్మార నడుమ లోతైన గూడు పెట్టించిరి.

ఆ పెట్టెకు వెనుక నొక కథ కలదు. 1987 జనవరి మొదలు 1988 జులై వఱకు ఆదివారము ఉదయమున రామానంద సాగరుగారి రామాయణము దూరదర్శనమున వచ్చుచుండెను. అప్పుడు మా యింట టెలివిజను లేదు. మా అత్తగారు మూడేండ్ల కుమారుని, అనగా మావారిని, చంక నెత్తుకొని పొరుగింటి వసారాలో కూర్చుండి చూచెడివారు. అది హిందీ భాష, వారికి రాదు. ఐనను రామకథకు భాష యేల? ఒకనాడు ఆ యింటికి బంధువులు వచ్చిరి. వసారాలోని వారిని లేచి పొమ్మనిరి. అత్తగారు మాఱు పలుకక యింటికి వచ్చిరట. ఆ మాట మామగారి మనస్సున 11 ఏండ్లు నిలిచియుండెను. కాన ఆ పెట్టె మా యింట వినోదవస్తువు మాత్రమే కాదు.

మామగారు స్వర్గస్థులై ఆరేండ్లయినది. పోయిన కార్తికమున టెలివిజనులో బొమ్మ ముడుచుకొని, తెరకు నడుమ నొక తెల్లని గీత మాత్రము మిగిలెను. బాగుచేయువాడు వచ్చి, దీనికి కావలసిన భాగము లిప్పుడు దొరకవని చెప్పి వెడలెను. రెండు నెలలు అత్తగారు మూగవోయిన పెట్టె నెదుటనే సాయంకాలము కూర్చుండెడివారు. అది చూడలేక మావారు 32 అంగుళముల క్రొత్తది కొనితెచ్చిరి.

ఇక చిక్కు మొదలయ్యెను. పాతదానిలో బొమ్మ నెలకొల్పు గాజుగొట్టము వెనుకకు చాల పొడవుగా నుండును. అందుచే గూటికి 22 అంగుళముల లోతు. క్రొత్తదాని మందము నాలుగంగుళములైన లేదు. కాని దాని వెడల్పో? 32 అనునది మూలనుండి ఎదుటి మూలకు గల కొలత యని మావారు కాగితముపై గీచి చూపిరి. అడ్డము 16 పాళ్లు, నిలువు 9 పాళ్లు గావున అడ్డముకొలత 28 అంగుళములు. గూటి వెడల్పు 26. కొనుటకు ముందు మేమే కొలిచితిమి. గూటిలోపల కొలువక, అల్మార నిలువు చెక్కల వెలుపలి అంచులనుండి కొలిచితిమి. తప్పు మాదే.

వడ్రంగి వచ్చి చూచి, చెక్కలు కోసినచో పైయఱ క్రుంగునని, కావున అల్మార విప్పి మరల క్రొత్తగా కట్టవలెనని చెప్పెను. అత్తగా రామాట విని, “అది ఆయన చేపిచ్చిన పెట్టె. నేను పోయినంక ఏమన్న చేసుకోండ్రి” అని గోడవైపు తిరిగి పండుకొనిరి. మావారు మా ముఖము చూచిరి. మేము నేల చూచితిమి.

మూడు దినములు క్రొత్తది మంచముమీద, పాతది గూటిలో నుండెను. నాలవనాడు, కనీసము వెనుక తీగల త్రోవ చూతమని వడ్రంగి అల్మారను ముందునకు జరిపెను. జరుపగనే మన్ను రాలెను. అల్మార టేకుదే కాని వెనుకపలక మామిడిచెక్క. నేలనుండి చెదలు మట్టిబాటలు కట్టుకొని ప్రాకి, దానిని లోపల లోపలనే తినివేసినవి. పైకి నునుపుగానే యున్నది. వ్రేలితో తట్టగా డొల్లమ్రోత మ్రోగెను.

అల్మార ప్రక్క సందులో మా పుట్టినింటినుండి తెచ్చుకొన్న చెక్కపెట్టె యొకటి గలదు. మా తండ్రిగారు మమ్ము బడికి పంపలేదు గాని యింటనే కూర్చుండబెట్టి భారత భాగవతములు చెప్పిరి. ఆ పుస్తకములే యందున్నవి. ఈ యింట వానిని పెట్టుకొనుటకు చోటు లేదని, అడుగుట బాగుండదని, పెండ్లియైన నాటనుండి సందులోనే యుంచితిమి. తెఱచి చూచి నాలుగేండ్లయినది. ఆనాడు తెఱవగా పోతన భాగవతపు రెండవ సంపుటము అట్ట విప్పిన చేతిలోనే పొడియై రాలెను. మా తండ్రిగారు అంచున సీసపుకడ్డీతో వ్రాసిన గుర్తులతో సహా పోయెను.

మేము ఏడ్చితిమి. అత్తగారు లేచివచ్చి చూచిరి. వారు చదువు నేర్వలేదు. ఆ పొడిని దోసిట నెత్తి, “ఇవి నీ బుక్కులా? ఇన్నేండ్లు చెప్పకపోతివేంది బిడ్డా?” అనిరి. మాయొద్ద సమాధానము లేకుండెను. కొంతసేపటికి వారే వడ్రంగితో, “గూడు కోయకుండ, ఈమె బుక్కులు అండ్ల పెట్టేటట్టు చెయ్యొస్తదా?” అని యడిగిరి.

అతడు చేసిన యుపాయము మిక్కిలి సులభమైనది. గూటి నోటికి 30 అంగుళముల వెడల్పున తలుపువంటి దళసరి పలక నొకటి చేసి, ఎడమ నిలువుచెక్కకు మూడు బందులతో బిగించెను. క్రొత్త టెలివిజను పలకమీద నుండును. తలుపు తెఱచిన, వెనుక లోతైన గూడంతయు పుస్తకములకు రెండఱలు. పడవలలోని యిఱుకు గదులలో వస్తువుల నిట్లే యొకదాని వెనుక నొకటి యమర్తురని మావారు సంతోషించిరి. నిలువుచెక్క యొకటియైన కోయబడలేదు.

ఇట్టి పని చేయించుకొనువారికి రెండు మూడు మాటలు. తీగలను బందులున్న వైపుననే త్రిప్పి, మూరెడు వదులుంచవలెను. మేము మొదటనాడు బిఱ్ఱుగా బిగించి తలుపు తెఱవగా, విద్యుత్తు తీగ ఊడి వచ్చెను. టెలివిజను వెనుక నుండు నాలుగు రంధ్రములకు దానికి తగిన పొడవు మరలనే బిగింపవలెను. పొడుగుది బిగించిన లోని భాగములు చెడును. వేడి పోవుటకు పలకకు రంధ్రములు పెట్టించవలెను. అల్మారకును గోడకును రెండంగుళముల యెడముంచి, కాళ్ల క్రింద రాతిపలకలు వేయుట మఱువరాదు. తడిగోడ నానిన చెక్కకే చెదలు త్వరగా పట్టును.

పాత పెట్టెను కొనుటకు పాతసామాను వాడు వచ్చెను. రాగితీగ కొఱకు దానిని పగులగొట్టుటయే వారి వాడుక. ఆ గాజులో సీసము గలదు. గొట్టములో గాలి లేనందున పగిలినచో పెంకులు విసరికొట్టును. విద్యుత్తు తీసివేసినను లోపల కొంత నిలిచియుండవచ్చును. కావున వెనుకమూత నెవ్వరును విప్పరాదు. 2023 ఏప్రిలు 1వ తేదినుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము ఇట్టి పాతయంత్రములను సరిగా విడదీయించు బాధ్యత తయారుచేయువారిపై గలదు. మేమును అధికారము పొందిన సేకరణవారికే యిచ్చితిమి. బండి యెక్కించునపుడు అత్తగారు దానికి పసుపు కుంకుమ పెట్టిరి. ఎవ్వరమును నవ్వలేదు.

ఇప్పుడు సాయంకాలము అత్తగారు తమ ధారావాహిక చూచినంతసేపు తలుపు మూసియుండును. అది ముగియగానే వారే లేచి తలుపు తెఱచి, “చదువు బిడ్డా” అందురు. మిగిలిన సంపుటములలోనుండి మేము చదువుచుందుము. పోయిన సంపుటము వచ్చు పసుపు పంటకు కొనియిత్తునని వారు పట్టుపట్టియున్నారు. తండ్రిగారి గుర్తులు మాత్రము రావు.

సోదరీమణులారా! మీ యింటి అల్మార వెనుకపలకను ఏడాది కొకసారియైన వ్రేలితో తట్టి చూడుడు. మీకు ప్రియమైన వస్తువేదైన సందులో నుండినచో, చోటు లేదని మీరే నిశ్చయించుకొనక, ఇంటివారి నొక్కసారి యడుగుడు. మేమడుగక పోగొట్టుకొన్నది మీకు పోకుండు గాక.