బీరువాలో దొరికిన నింజా

పిల్లలూ! అరవై దాటిన హెడ్మాస్టరు టీవీ ముందు కూర్చుని నింజా ఆట ఆడుతున్నాడంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, ఫరవాలేదు. మా మనమడు కూడా మొదట నవ్వాడు.

మా యిల్లు అశోక్‌నగర్లో. నేను లెక్కలు చెప్పిన బడి నారాయణగూడ వైపున వుండేది. 1996లో ఒకనాడు, ఏడవ తరగతి కుర్రవాడొకడు బల్లకింద పసుపుపచ్చ కాసెట్టు ఒకటి దాచుకుని, పక్కవాడికి చూపిస్తూ నాకు దొరికాడు. ఆ రోజుల్లో టీవీకి తగిలించి ఆడే వీడియో గేము కాసెట్లను పిల్లలు ఒకరిదగ్గర ఒకరు ఎరువు తెచ్చుకుని ఆడేవారు. నేను దాన్ని లాక్కుని బీరువాలో పెట్టి, "లెక్కల్లో పాసయితే యిస్తాను, పో!" అన్నాను. వాడు పాసు కాలేదు. కాసెట్టు అడగనూ లేదు. ఆ వేసవిలోనే వాళ్ళు వూరు మారిపోయారు.

నేను రిటైరయిననాడు బీరువా ఖాళీ చేస్తూంటే, పాత రిజిస్టర్ల అడుగున ఆ కాసెట్టు కనిపించింది. ఇంటికి తెచ్చి దాచాను. మొన్న వేసవి సెలవులకు వచ్చిన మనమడు దాన్ని చూసి, "తాతయ్యా, ఇది పనిచేస్తుందా?" అన్నాడు. మా అబ్బాయి చిన్నప్పటి వీడియో గేమూ, డబ్బా టీవీ సజ్జమీద వున్నాయి. రెండూ దించాము.

మొదట బొమ్మ రాలేదు. మనమడు కాసెట్టులోకి గట్టిగా వూదబోయాడు. నేను వద్దన్నాను. ఊపిరిలో తేమ వుంటుంది గనక లోపలి లోహపు పళ్ళకు చిలుము పట్టవచ్చు. స్పిరిట్లో తడిపిన దూదితో వాటిని తుడిచి, ఆరనిచ్చి పెట్టాము. బొమ్మ వచ్చింది!

ఆట పేరు 'నింజా గైడెన్'. టెక్మో అనే కంపెనీ 1988లో జపానులో దీన్ని విడుదల చేసింది. పూర్వం జపానులో రహస్యంగా వేగు నడిపినవారిని నింజాలు అంటారు. ఈ కథలో నాయకుడు ర్యూ హయబుస. ద్వంద్వ యుద్ధానికి వెళ్ళిన తండ్రి తిరిగి రాకపోవటంతో, కత్తి పట్టుకుని బయలుదేరతాడు. గోడలకు అంటుకుని, ఒక గోడమీదినుంచి మరో గోడమీదికి దూకుతాడు.

కొంత దూరం పోయాక ఒక గొయ్యి. నేను దూకేసరికి ఎక్కడినుంచో ఒక పక్షి వచ్చి తగిలింది. ర్యూ వెనక్కు విసురుగా పోయి గోతిలో పడ్డాడు. ఇరవైసార్లు దూకాను, ఇరవైసార్లూ పడ్డాను.

"తాతయ్యా, పక్షి ప్రతిసారీ అక్కడే వస్తోంది, చూడు! ముందు దాన్ని కొట్టి, తర్వాత దూకు," అన్నాడు మనమడు. అలాగే చేశాను. దాటాను!

పక్షి అక్కడే ఎందుకు వస్తుంది? కాసెట్టులో వున్న చిప్పు అచ్చుపుస్తకంలాంటిది. పక్షి ఎక్కడ రావాలో, గొయ్యి ఎక్కడుండాలో అందులో చెరగకుండా రాసి వుంటుంది. యంత్రంలో మరొకటి వుంది, అది పలకవంటిది. మాది నకలు యంత్రం; దాని అసలుది నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫామికామ్. ఆ యంత్రం లెక్కలు వేసుకునే పలకలో పట్టేది 2,048 ఇంగ్లీషు అక్షరాలంత మాత్రమే! ఎన్నిసార్లు పడ్డామో ఆ పలకమీదే వుంటుంది. స్విచ్చి కట్టేస్తే అదంతా చెరిగిపోతుంది. కాని పడినచోటు మనకు గుర్తుంటుంది.

అప్పుడు నాకా కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు. భిన్నాలు కూడేటప్పుడు వాడు హారాలను కూడా కూడేసేవాడు. 1/2, 1/3 కూడమంటే 2/5 అని రాసేవాడు. ప్రతిసారీ ఆ గోతిలోనే పడేవాడు. "ఒరే, సగం రొట్టెకు మరో ముక్క కలిపితే సగంకన్నా తగ్గుతుందా?" అని నేను అడిగివుంటే వాడికి పక్షి కనిపించేది. నేను అడగలేదు. ఎర్రసిరాతో కొట్టివేసి, రిజిస్టరులో "ఫెయిలు" అని రాశాను. వాడి తప్పు పలకమీద వుండవలసింది. నేను దాన్ని అచ్చుపుస్తకంలోకి ఎక్కించాను.

సాయంత్రం షికారుకు పోతూ చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయం దగ్గర ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులను చూస్తుంటాను. ఒకసారి తప్పినవాళ్ళూ మళ్ళీ పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. వాళ్ళలో ఎవరయినా ఎక్కడ పడుతున్నారో వాళ్ళకు చూపేవారున్నారో లేదో అనుకుంటాను.

పిల్లలూ, మార్కులు తగ్గితే ఏడవకండి. ఎక్కడ పడ్డారో చూడండి. కనిపించకపోతే మేష్టారిని అడగండి. తల్లులారా, తండ్రులారా, "ఎన్ని వచ్చాయి?" అనేముందు "ఎక్కడ చిక్కుపడ్డావు?" అని అడగండి.

ఆటలో ఆరు అంకాలు. మేము మూడు దాటాము. ఆ కుర్రవాడికి యిప్పుడు నలభై దాటి వుంటాయి. ఎప్పుడయినా ఎదురుపడితే కాసెట్టు యిచ్చేస్తాను. పాసయ్యావా అని మాత్రం అడగను.