చందమామ మీద బావి తవ్వాలి!

కొత్తగా స్థలం కొన్నవాళ్లు ముందు ఇల్లు కట్టరు. బోరు వేయిస్తారు. నీళ్లు పడితేనే ఇల్లు. పడకపోతే ఎంత మంచి స్థలమైనా పిల్లాపాపలతో అక్కడ కాపురం పెట్టలేరు.

చందమామ సంగతీ అంతే. 1969 నుంచి 1972 దాకా పన్నెండు మంది అక్కడ నడిచి వచ్చారు. అయితే వాళ్లు వెళ్లింది చుట్టపుచూపుగానే! తాగే నీళ్లు, పీల్చే గాలి, తినే తిండి... అన్నీ ఇక్కణ్నుంచే మూటగట్టుకుని వెళ్లారు. అందరికంటే ఎక్కువ కాలం ఉన్నవాళ్లు కూడా అక్కడ గడిపింది మూడు రోజుల చిల్లర. నెలల తరబడి ఉండిపోవాలంటే ఇలా మోసుకుపోవడం కుదరదు. కావలసింది అక్కడే సంపాదించుకోవాలి. అంటే, తవ్వాలి.

తవ్వితే ఏముంటుంది? చాలానే ఉంది. చంద్రుడి మట్టి బరువులో నలభై శాతానికి పైగా ఆక్సిజనే. కాకపోతే అది వేరే మూలకాలతో గట్టిగా ముడిపడి ఉంటుంది, విడదీయాలి. ఇక ధ్రువాల దగ్గర ఎండ పొడ సోకని లోతైన గోతుల్లో మంచు ఉంది. కరిగిస్తే నీళ్లు. ఆ నీటిని విడగొడితే ఊపిరికి ఆక్సిజన్, రాకెట్టుకి ఇంధనం.

ఓ జేసీబీ పంపిస్తే సరిపోదా అనిపిస్తుంది. అక్కడే ఉంది తిరకాసు. మన దగ్గర జేసీబీ నేలను చీల్చగలుగుతోందంటే అందులో సగం గొప్పతనం దాని బరువుదే. చంద్రుడి మీద ఆ బరువు ఆరో వంతు అయిపోతుంది. తొట్టిని నేలలోకి గుచ్చితే నేల దిగబడదు, యంత్రమే పైకి లేస్తుంది. పైగా అక్కడి దుమ్ము పిండిలా మెత్తగా కనిపిస్తుంది కానీ గాజు పొడిలా గరుకు. కీళ్లలోకీ బేరింగుల్లోకీ దూరి అరగదీసేస్తుంది. 1971లో అపోలో-15 వ్యోమగాములు మట్టి నమూనా కోసం దించిన డ్రిల్లు గొట్టం కొన్ని అడుగుల లోతులోనే బిగుసుకుపోతే, ఇద్దరూ కలిసి నానా అవస్థా పడి దాన్ని పైకి లాగారు.

ఈ చిక్కుముడి విప్పే పనిని తన ఇంజినీర్లకే వదిలేయకుండా అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఊరందరి ముందూ పెట్టింది. రైట్ సోదరుల విమానం ఎగిరి 2003కి నూరేళ్లు నిండాయి. ఆ గుర్తుగా 2005లో ‘సెంటెనియల్ ఛాలెంజెస్’ పేరుతో పోటీలు మొదలయ్యాయి. కాలేజీ కుర్రాళ్లయినా, ఇంటి గ్యారేజీలో పనిచేసుకునే మెకానిక్కయినా ఫరవాలేదు. నియమం ఒక్కటే... పని చేసి చూపించినవాళ్లకే సొమ్ము. ఎవరూ చూపించలేకపోతే? ఎవరికీ లేదు!

అన్నంత పనీ జరిగింది. చంద్రుడి మట్టిలాంటి మట్టి నుంచి ఆక్సిజన్ తీయమని 2005లో ప్రకటించిన పోటీకి గడువు ముగిసిపోయింది కానీ బహుమతి అందుకున్నవాళ్లు లేరు. మట్టి తవ్వే పోటీ మొదటిసారి 2007లో కాలిఫోర్నియాలో జరిగింది. అరగంటలో నూటయాభై కిలోల మట్టి తవ్వి డబ్బాలో పోయాలి. నాలుగు జట్లు వచ్చాయి. నాలుగూ ఓడిపోయాయి. 2008లో ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఆ ఏడూ ఎవరూ నెగ్గలేదు.

ఆ 2007లో ఓడి ఇంటికెళ్లినవాళ్లలో టాడ్ మెండెన్‌హాల్ అనే ఇంజినీరు ఉన్నాడు. ఓడిపోయినవాడికి ఆ పోటీ రూపాయి ఇవ్వదు. యంత్రానికి పెట్టిన ఖర్చు, నిద్రలేని రాత్రులు అన్నీ సొంత ఖాతాలోనే. అయినా అతను వదల్లేదు.

2009 వచ్చేసరికి ఈ తవ్వకాలకి కొత్త అర్థం వచ్చింది. మన శ్రీహరికోట నుంచి 2008 అక్టోబరు 22న వెళ్లిన చంద్రయాన్-1లో నాసా పరికరం కూడా ఒకటుంది. చంద్రుడి నేల మీద నీటి జాడలున్నాయని 2009 సెప్టెంబరులో లోకానికి చెప్పింది ఆ పరికరమే. అక్టోబరు 9న నాసా ఓ ఖాళీ రాకెట్టును దక్షిణ ధ్రువం దగ్గరి గోతిలోకి గురిచూసి కొట్టింది. ఎగిసిన ధూళిలో నీరు ఉన్నట్టు నవంబరులో ప్రకటించింది. ఆ ప్రయోగాన్ని నడిపింది కాలిఫోర్నియాలోని ఏమ్స్ పరిశోధన కేంద్రం. రాకెట్టు గోతిలో పడిన ఎనిమిది రోజులకి, అదే కేంద్రం ఆవరణలో మూడోసారి మట్టి పోటీ!

ఈసారి చాలా జట్లు దిగాయి. యంత్రాలు కృత్రిమ చంద్రమట్టిలో, నడిపేవాళ్లు దూరంగా మరో గదిలో. మసాచుసెట్స్‌లోని వూస్టర్ పాలిటెక్నిక్‌కి చెందిన విద్యార్థుల జట్టు అరగంటలో 439 కిలోలు తవ్విపోసి 5 లక్షల డాలర్లు గెలుచుకుంది. ఆరు అపోలో యాత్రలూ కలిపి భూమికి తెచ్చిన రాళ్లూ మట్టీ 382 కిలోలే! రెండో బహుమతి మెండెన్‌హాల్ జట్టు ‘టెర్రా ఇంజినీరింగ్’కి దక్కింది. వాళ్లు తవ్వింది 270 కిలోలు, గెలిచింది లక్షన్నర డాలర్లు.

కథ అక్కడితో అయిపోయిందా అంటే లేదు. పోటీలో తవ్వింది పొడిమట్టి. గోతుల్లోని మట్టిలో మంచు కలిసి ఉంటుంది. వందలాది డిగ్రీల మైనస్ చలికి అది రాయిలా గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని పగలగొట్టడానికి 2020 నవంబరులో నాసా ‘బ్రేక్ ద ఐస్’ అనే మరో పోటీ పెట్టింది. అందులో ఓ దశలో యంత్రం పదిహేను రోజుల పాటు పనిచేయగలదని నిరూపించుకోవాలి. గట్టివాళ్లు మిగిలాక 2024 జూన్‌లో అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో తుది పోరు. మంచుమట్టికి బదులు అంత గట్టిగా ఉండే కాంక్రీటు దిమ్మెలు పోశారు. చంద్రుడి మీద ఉండే తేలికదనం రావడానికి యంత్రాన్ని క్రేనుకు తగిలించి దాని బరువు తగ్గించారు. గంటసేపు తవ్వాలి. ఎత్తుపల్లాల ఇసుకబాట మీద సరుకు మోయగలదనీ చూపించాలి.

జూన్ 12న ఫలితం చెప్పారు. పది లక్షల డాలర్ల మొదటి బహుమతి... టెర్రా ఇంజినీరింగ్! చెక్కు అందుకున్నది భార్యాభర్తలు, వాలరీ, టాడ్ మెండెన్‌హాల్. ఒట్టి చేతులతో ఇంటికెళ్లిన 2007 నుంచి లెక్కేస్తే పదిహేడేళ్లు. ఆ ఏడాది పుట్టిన బిడ్డ ఇంటర్ చదివే వయసుకొచ్చేస్తుంది.

అంతా చేసి వాళ్ల యంత్రం పగలగొట్టింది భూమ్మీది కాంక్రీటునే. గెలిచినవాళ్లకి డబ్బు దొరికింది కానీ చంద్రుడికి టికెట్టు దొరకలేదు. ఎప్పుడో ఒకనాడు అక్కడి గోతిలో దిగే యంత్రం వాళ్లది కాకపోవచ్చు. ఎక్కడ పళ్లు అరిగిపోతాయో, ఎక్కడ గొలుసు తెగుతుందో మాత్రం దాన్ని తయారు చేసేవాళ్లకి ముందే తెలిసి ఉంటుంది. ఆ తెలివి 2007లో ఓడిన నాలుగు యంత్రాల నుంచి, బహుమతి రాని పదుల కొద్దీ జట్ల నుంచి పోగైనదే. పోటీలో ఓడినవాళ్లకి పేరు లేదు, సొమ్మూ లేదు.

ఊరి బావుల్లో చాలావాటిని ఎవరు తవ్వారో ఇవాళ ఎవరికీ తెలీదు. నీళ్లు మాత్రం తోడుకుంటూనే ఉన్నారు. చందమామ మీద మొదటి గుక్క నీళ్లు తాగేవాళ్లకీ ఈ పేర్లు తెలియకపోవచ్చు. తవ్వేవాళ్లు మాత్రం 2007లోనే పని మొదలుపెట్టారు, ఓటమితో!