డ్యామ్ దగ్గర చేపల హాజరు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం. గడ్డికొండల నడుమ స్నేక్ నదిమీద లోయర్ గ్రానైట్ డ్యామ్. ఎగువన పుట్టి సముద్రానికి బయల్దేరిన సాల్మన్ పిల్లలు దాటాల్సిన ఎనిమిది డ్యాముల్లో ఇదే మొదటిది.

కొన్ని పిల్లల పొట్టలో బియ్యపుగింజంత గాజు ట్యాగ్ ఉంటుంది. పొడవు 12 మిల్లీమీటర్లు, బ్యాటరీ ఉండదు. యాంటెన్నా దగ్గరికి రాగానే దాన్నుంచే శక్తి తీసుకుని తన నంబరు చెప్పేస్తుంది. టర్బైన్లలో పడకుండా పక్క కాలువలోకి మళ్లిన చేపల్ని అలా ఏళ్లుగా లెక్కిస్తున్నారు.

చిక్కంతా స్పిల్‌వేతోనే. టర్బైన్లకన్నా అదే క్షేమమని అటు నీళ్లు ఎక్కువగా వదిలారు. తీరా అటు దూకినవి లెక్కకు అందలేదు. అవి బతికాయో లేదో తెలిసేదెలా! చివరికి 2020లో ఒక స్పిల్‌వే గేటు దిగువన కాంక్రీటులోనే యాంటెన్నాలు అమర్చారు. రెప్పపాటులో జారిపోయే చేపపిల్లకూ ఇప్పుడు అక్కడ హాజరు పడుతోంది.