సౌకార్‌పేటలో తంబి

సౌకార్‌పేట అంటే షావుకార్ల పేట. గుజరాతీ, మార్వాడీ వర్తకులు తరతరాలుగా స్థిరపడిన చోటు. మింట్ స్ట్రీటులో నడుస్తుంటే ఒక చెవిన హిందీ, ఒక చెవిన తమిళం వినపడతాయి. కొత్వాల్ చావడి వైపు మళ్ళి కన్యకా పరమేశ్వరి గుడి దాకా వెళితే మన తెలుగు. ఇక్కడ బాంకు కౌంటరు వెనక కూర్చున్నవాడికి బి.కాం. డిగ్రీ కన్నా నాలుగు భాషలు రావడం ఎక్కువ ఉపయోగం! అయితే ఈ పేటలో అన్ని భాషలవారికీ ఉమ్మడి మాట ఒకటుంది. కొట్లో కుర్రాడిని పిలవాలంటే అందరూ ‘తంబీ’ అనే అంటారు.

2022లో ఆ మాటకు అంతర్జాతీయ గౌరవం దక్కింది. మాస్కోలో జరగవలసిన చదరంగం ఒలింపియాడ్, ఉక్రెయిన్ యుద్ధం కారణంగా అక్కడినుంచి తప్పి మన చెన్నైకి వచ్చింది. నాలుగు నెలల్లో ఏర్పాట్లన్నీ జరిగిపోయాయి. పోటీలు మహాబలిపురంలో. ప్రారంభోత్సవం మాత్రం జులై 28న మా పేటకు కూతవేటు దూరంలో, సెంట్రల్ స్టేషను దాటగానే ఉన్న నెహ్రూ స్టేడియంలో. 180కి పైగా దేశాలవారికి స్వాగతం చెప్పడానికి తమిళనాడు ప్రభుత్వం ఎంచుకున్న మస్కట్ బొమ్మ చదరంగంలోని గుర్రం. దానికి తెల్ల చొక్కా తొడిగి, పంచె కట్టి, చేతులు జోడింపజేసి ‘తంబి’ అని పేరు పెట్టారు. నగరంలో ఎక్కడ చూసినా అదే. నేపియర్ వంతెనకు సైతం నలుపు తెలుపు గళ్ళు వేశారు.

ఇలాంటి బొమ్మలు మనకు కొత్త కాదు. 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో అప్పు అనే ఏనుగు, 2003లో హైదరాబాదు ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో షేరూ అనే సింహం, 2010 కామన్వెల్తు క్రీడల్లో షేరా అనే పులి. ముద్దుగానే ఉన్నాయి గాని, వాటిది ఏ ఊరో చెప్పలేం. తంబి అలా కాదు. పల్లె పొలిమేరలో అయ్యనార్‌కు మొక్కుగా నిలిపే మట్టి గుర్రాలు, బ్రహ్మోత్సవాల్లో స్వామి ఎక్కే అశ్వవాహనం, తన అభిమానులను ‘తంబీ’ అని సంబోధించిన అణ్ణాదురై, అందరూ ఆ బొమ్మను చూడగానే గుర్తుకొస్తారు. తంబి అంటే సోదరభావమని ప్రభుత్వం చెప్పింది. ఆ పంచెలో, ఆ పేరులో తమిళ అభిమానం కూడా ఉందని ఇక్కడ కాపురమున్న వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

మరి మనకో? నిజం చెప్పుకోవాలంటే, మన ఇళ్ళల్లో ‘అరవ తంబి’ అన్నది కొంచెం వెటకారంగా వాడే మాట. దాని వెనక పాత కథ ఉంది. పొట్టి శ్రీరాములుగారు 1901లో పుట్టింది మా పక్కనే, జార్జిటౌనులోని అణ్ణాపిళ్ళై వీధిలో. ‘మద్రాసు మనదే’ అన్న రోజుల్లో, 1952 డిసెంబరు 15న, ఆయన ఈ నగరంలోనే నిరాహారదీక్షలో ప్రాణం విడిచారు. మరుసటి ఏడు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. అందుకే ఆ గుర్రాన్ని చూసి మొదట్లో “వాళ్ళ బొమ్మ” అన్నవాళ్ళు మనలో లేకపోలేదు. కాని వేష్టి అన్నా పంచె అన్నా బట్ట అదే. తంబి, తమ్ముడు ఒకే కడుపున పుట్టిన మాటలు. వణక్కం పెట్టినా నమస్కారం పెట్టినా జోడించేది ఆ రెండు చేతులే. మార్వాడీ షావుకార్లకైతే ఈ పేచీయే లేదు. వాళ్ళకది ‘ఢాయీ ఘర్’, అంటే రెండున్నర గళ్ళు నడిచే గుర్రం, అంతే!

తీరా ఆట మొదలయ్యాక చూస్తే ఆ తంబి చుట్టూ ఎందరు మనవాళ్ళు! గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, నిండు నెలలతో బల్ల ముందు కూర్చున్న గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక ఉన్న మహిళల జట్టుకు కాంస్యం వచ్చింది. ఓపెన్ విభాగంలో మన ‘బి’ జట్టుకూ కాంస్యం. అందులో మొదటి బల్లమీద ఆడి, వరసగా ఎనిమిది ఆటలు గెలిచి, వ్యక్తిగత స్వర్ణం అందుకున్న పదహారేళ్ళ దొమ్మరాజు గుకేశ్ చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి పిల్లవాడు. నా లెక్కన ఆ గుర్రం బొమ్మకు అసలు ప్రాణం పోసింది ఆ అబ్బాయే.

2024 డిసెంబరులో సింగపూరులో అతను ప్రపంచ విజేత అయినప్పుడు పాత పేచీ మళ్ళీ లేచింది. చంద్రబాబు నాయుడుగారు మన తెలుగు కుర్రాడన్నారు. స్టాలిన్‌గారి ప్రభుత్వం అయిదు కోట్ల బహుమానం ప్రకటించింది. ఎవరి తంబి అన్న చర్చ మా శాఖలోనూ జరిగింది. ఏభై ఏళ్ళుగా కొత్వాల్ చావడిలో వ్యాపారం చేసిన ఒక పెద్దాయన అంతా విని, “జాయింటు ఖాతా అని రాసుకోండి మేనేజరుగారూ, ఇద్దరి సంతకాలూ చెల్లుతాయి” అని, తన పాసుబుక్కులో వడ్డీ వేయించుకుని వెళ్ళిపోయారు.