ఏడు మూళ్ళు ఇరవై ఒకటేనా?

మా ఇంట మొదటినుండి ఉన్నది ఒకటే సైకిలు. దానికి గేరూ ఒకటే. ఆ సైకిలు మీదనే అబ్బాజాన్ బట్టల మూట కట్టుకొని మాచర్ల చుట్టుపట్ల పల్లెలన్నీ తిరిగి మమ్ము చదివించినారు. ఎంత ఎత్తయినను దిగక తొక్కెడివారు. ఈనాడు వారి మోకాళ్ళు వారిని మెట్లు ఎక్కనీయవు.

ఇంటర్మీడియట్ ముగిసిన ఏడు మేము పాత గేరు సైకిలు ఒకటి కొన్నాము. ముందు మూడు పళ్ళచక్రములు, వెనుక ఏడు. "ఏడు మూళ్ళు ఇరవై ఒక గేర్లు!" అని మిత్రులతో గొప్పలు చెప్పుకొన్నాము. వాడినది మాత్రము ఒకటే: ముందు పెద్దది, వెనుక చిన్నది. బరువుగా తొక్కుటయే పల్నాటి పౌరుషమని మా భ్రమ.

ఒక ఆదివారము మిత్రులతో ఎత్తిపోతల జలపాతమునకు బయలుదేరినాము. సాగర్ రోడ్డు చదునుగా ఉన్నంతసేపు మేమే ముందు. ఎత్తు వచ్చినది, వేగము పడిపోయినది. బలముగా తొక్కుచునే గేరు మార్చబోయినాము. చైను ఊడినది, మేము రోడ్డున పడినాము. మోకాలు వాచి పదిహేను రోజులు కళాశాలకు రాలేదు. అబ్బాజాన్ ఆ మోకాలిని తడిమి, "నాకు గేరు లేక అరిగిపోయినాయి. నీకు ఉండి ఎందుకురా?" అన్నారు. ఆ మాట వాపుకంటె ఎక్కువ నొప్పించినది.

ఆ సెలవులో సైకిలును తలక్రిందులుగా నిలిపి పళ్ళు లెక్కించినాము. ముందు 48, 38, 28. వెనుక 14 మొదలు 28 వరకు. 48ని 14తో భాగించిన సుమారు 3.4. అనగా పెడల్ ఒక చుట్టు తిరిగిన చక్రము 3.4 చుట్లు తిరుగును. బండి ఏడు మీటర్లు సాగును. 28కి 28 అయిన రెండు మీటర్లే; కాని కాలికి భారము ఆ మేరకు తగ్గును. ఇంకొక వింత: 48కి 24 జతపరచినను, 28కి 14 జతపరచినను ఫలితము 2 మాత్రమే! కావున ఇరవై ఒకటి పేరుకే. ఆ రెండింటికంటె 38కి 18 గాని 20 గాని మేలు. చైను తిన్నగా నడుచును. పెద్దదానికి పెద్దది, చిన్నదానికి చిన్నది కలిపిన చైను ఏటవాలై త్వరగా అరుగును.

సోదర విద్యార్థులారా! కాళ్ళు నిమిషమునకు సుమారు 70 చుట్లు తేలికగా తిరుగునట్టి గేరును ఎంచుకొనుడు. ఎదురుగాలికిని ఇదే సూత్రము. ఎత్తు మధ్యలో కాదు, ఎత్తు కనబడగానే, పెడల్ పై బలము సడలించి, తిప్పుట మానక గేరు మార్చుడు.

తేలిక గేరు చిన్నతనమనుకొన్నది మేమొక్కరమే కాదు. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెమును ఆరంభించిన ఆంరీ దెగ్రాంజ్ కూడ గేర్లను మెచ్చలేదు. అగ్రశ్రేణి పోటీదారులకు 1937లో గాని అనుమతి దొరకలేదు.

కాలు నయమైన పిమ్మట మరల ఎత్తిపోతలకు వెళ్ళినాము. అందరికంటె చివర చేరినాము, ఎక్కడను దిగలేదు. ఇంటికి రాగానే అబ్బాజాన్, "కాలు నొచ్చినదా?" అని అడిగినారు. "లేదు" అన్నాము. తమ మోకాలు రాచుకొనుచు వారు నవ్వినారు.