చిన్న వాషరే కదా!

పాత స్కూటరున్న ఇళ్లలో పెట్రోలు వాసన అలవాటైపోతుంది. ‘పాత బండి కదా, ఆ మాత్రం ఉండదా?’ అని సరిపెట్టుకుంటారు చాలామంది. మా అమ్మ మాత్రం సరిపెట్టుకోలేదు. నాన్నగారి చేతక్ మెట్ల కింద ఉంటుంది. దానికి నాలుగడుగుల్లో వంటింటి కిటికీ. ‘పొద్దున్నే స్టవ్ వెలిగించాలంటే భయమేస్తోందిరా’ అంది ఓ రోజు. అయితే అమ్మేద్దామన్నాను. నాన్నగారు మాట్లాడలేదు.

ఆయన మౌనానికి కారణముంది. 1972లో వచ్చిన చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరం ఆయనది. దాని తయారీ 2006లో ఆగిపోయింది. 2020లో అదే పేరుతో కరెంటు బండి వచ్చినా, ఆయన లెక్కలో అది చేతక్ కాదు. పాఠాలు చెప్పడానికి ఆయన బడికెళ్లిందీ, మమ్మల్ని ముందు నిలబెట్టుకుని ఊరంతా తిప్పిందీ దీనిమీదే మరి!

చివరికి ‘ఈసారీ కారితే అమ్మేద్దాం’ అన్న ఒప్పందం మీద ఓ పాత మేస్త్రీని పిలిచాం. అంతకుముందు ఓ కుర్రాడు కొత్త పెట్రోల్ కాక్ వేసి, సైకిల్ ట్యూబు ముక్క కోసి వాషరుగా బిగించాడు. రెండు వారాలకే మళ్లీ కారింది.

మేస్త్రీ ముందుగా బండిని ఆరుబయటికి తోయించాడు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకుతూ వెళ్లి దూరాన ఉన్న మంటనైనా అందుకుంటుంది. సీటు తీసి, పెట్రోలు వంచేసి, ట్యాంకు పైకి లేపాడు. అడుగున నట్టు దగ్గర ఆ ట్యూబు ముక్క నానిన అట్టలా ఉబ్బిపోయి ఉంది.

‘చూశారా మాస్టారూ! ట్యూబు గాలిని ఆపుతుందిగానీ పెట్రోలుని తాగేస్తుంది. ఇక్కడ పెట్రోలుకి తట్టుకునే రబ్బరే ఉండాలి’ అన్నాడు. నైట్రైల్ రబ్బరంటే అదే. ‘పైన సిలికాన్ పూస్తే సరిపోదా?’ అన్నాను. ‘మామూలు సిలికాన్ పెట్రోలులో మెత్తబడి ఊడొస్తుంది బాబూ. ఆ తునకలు కార్బురేటర్ జెట్‌లో ఇరుక్కుంటే నడిరోడ్డు మీద ఆగుతారు’ అన్నాడు.

పాత ప్యాకింగ్ అంతా గీకి, చోటు శుభ్రంగా తుడిచి, సరైన కొలత వాషరు వేశాడు. ‘ఇంకాస్త బిగించు’ అన్నారు నాన్నగారు. ‘అతిగా బిగిస్తే వాషరు నలుగుతుంది, రేకు వంగుతుంది. మళ్లీ కారేది అక్కడే’ అని నవ్వాడు.

ఇక పరీక్ష. ట్యాంకులో కాస్త పెట్రోలు పోసి మూత బిగించి, పెరట్లో రెండు ఇటుకల మీద పెట్టి, కింద నిన్నటి పేపరు పరిచాడు. పెట్రోలు కారి ఆవిరైపోయినా, అందులో కలిపిన టూ స్ట్రోక్ ఆయిల్ మరక దాగదు. తెల్లవారగానే నాన్నగారు ఆ పేపరు తీసి, కళ్లజోడు సవరించుకుని రెండువైపులా చూశారు. ఫలితాల రోజు నంబరు వెతుక్కునే పిల్లాడిలా ఉన్నారు. మరక లేదు! బండి మాకే ఉండిపోయింది. వాషరు ఖరీదు రెండు టీల డబ్బు.

ఈ జాగ్రత్త ఇప్పుడు మరీ అవసరం. నేడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. కొన్ని పాత వాహనాల్లో 20 నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావొచ్చని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. అందుకని ట్యాంకు దగ్గర ఏ భాగం విప్పినా పాత వాషరు మళ్లీ వేయనివ్వకండి. ఇథనాల్‌కీ తట్టుకునేదే అడిగి వేయించండి. పెట్రోలు వాసన వస్తే మాత్రం, బండి ఎంత పాతదైనా, వయసు మీదికి నెట్టేయకండి.