సూది ముందా, పళ్ళెం ముందా?

మా అమ్మాయికి పురుడు పొయ్యడానికి నేను అమెరికా వెళ్ళాలనేసరికి ఇంటిల్లిపాదికీ తలా ఒక బెంగ పట్టుకుంది. మావారికి తన పొద్దుటి కాఫీ బెంగ. పక్కింటి వదినగారికి నేను ఆవకాయ ఎలా పట్టుకెడతానా అని బెంగ. నా బెంగ మాత్రం ఎవరికీ పట్టలేదు. పదహారు గంటలు ఆకాశంలో కూచుని ఏం తినను, ఎప్పుడు తినను, సూది ఎప్పుడు వేసుకోను?

సూది అంటే ఇన్సులినే. పధ్నాలుగేళ్ళుగా షుగరు నాతో కాపరం చేస్తోంది. మొదట్లో మాత్రలతో సరిపెట్టుకుంది గానీ తరవాత సూదికి దిగింది. పొద్దున్న ఏడున్నరకొకటి, రాత్రి ఏడున్నరకొకటి. వేసుకున్న అరగంటకి కంచం ముందు కూచోవాలి. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇందులో ఇబ్బందేమీ లేదు. గడియారమూ నాదే, కుక్కరూ నాదే.

2023 మే నెల సంగతి ఇది. టిక్కెట్టు అమ్మాయే అక్కణ్ణించి కొంది. కొంటూ ఫోను చేసింది.

"అమ్మా, నీ భోజనం ఏమని రాయను? శాకాహారమా, షుగరువాళ్ళ భోజనమా? ఒక్కటే రాయనిస్తున్నారు."

"రెండూ కలిపి రాయకూడదుటే?"

"కుదరదమ్మా. షుగరు భోజనం అని రాస్తే అందులో కోడి ఉండొచ్చు."

"హిందూ భోజనం అని ఒకటుందిగా, అది పడెయ్యమను" అన్నారు మావారు పక్కనించి, చాలా ధీమాగా.

అమ్మాయి అవతల పడీపడీ నవ్వింది. హిందూ భోజనం అంటే గొడ్డుమాంసం ఉండదని మాత్రమేనట అర్థం. కోడీ, మేకా, చేపా నిక్షేపంలా ఉండొచ్చుట. మన శాకాహారం కావాలంటే 'ఏషియన్ వెజిటేరియన్' అని రాయించుకోవాలిట, అదీ ప్రయాణానికి కనీసం ఒక రోజు ముందు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, మావారి పినతండ్రిగారు ఆ పేరు చూసి మురిసిపోయి హిందూ భోజనం తెప్పించుకుని, మూత తీసి, మళ్ళీ మూత పెట్టేసి, దిగేదాకా మంచినీళ్ళతో గడిపారని.

"శాకాహారమే రాయి. తక్కినది నేను చూసుకుంటాను" అన్నాను.

"అయితే విమానం ఎక్కగానే నీకు షుగరుందని వాళ్ళకో మాట చెప్పు. పక్కవాళ్ళకి కూడా చెప్పు."

"సరేలే" అన్నాను.

మా డాక్టరుగారు మంచాయన. కాగితం మీద గీత గీసి మరీ చెప్పారు. పడమటికి వెళ్ళేవాళ్ళకి రోజు సాగుతుందిట, తూర్పుకి వచ్చేవాళ్ళకి కుదించుకుపోతుందిట. హైదరాబాదుకీ డాలస్‌కీ మే నెలలో పదిన్నర గంటల తేడా. అంచేత, "చేతిగడియారం ముట్టుకోకండి. విమానం దిగేదాకా హైదరాబాదు టైమే మీ టైము. దిగాక ఏం చెయ్యాలో ఇందులో రాశాను" అన్నారు. ఇది నాకు చెప్పిన లెక్క సుమండీ. ఎవరి సూది వాళ్ళది, ఎవరి డాక్టరు మాట వాళ్ళది. మందు పెద్దపెట్టెలో పెట్టద్దన్నారు. కింద సామాన్ల చోట చలికి గడ్డ కట్టిందా, ఆ మందు ఇహ పనికిరాదుట. వాడుతున్న సీసా ఎండ తగలకుండా ఉంటే ఫ్రిజ్ లేకపోయినా నాలుగు వారాలు నిలుస్తుంది కనక ఐసుముక్కల హడావిడి అక్కర్లేదన్నారు. సూదులెందుకో ఇంగ్లీషులో చీటీ రాసిచ్చారు. లేచి వస్తూంటే వెనక్కి పిలిచి మరీ ఇంకో మాట అన్నారు.

"విమానంలో మాత్రం ఆ అరగంట లెక్క మర్చిపోండి. పళ్ళెం మీ ఎదురుగా వచ్చాకే సూది."

తల ఊపాను. తల ఊపడానికేం, ఖర్చా?

ఇహ తిండి సంచీ. చేతిసామాను ఏడు కిలోలు దాటకూడదన్నారు. వదినగారు పెరుగన్నం కట్టుకోమన్నారు. అల్లుడు వద్దన్నాడు. వాళ్ళ లెక్కలో పెరుగూ ద్రవమేట, పచ్చడీ ద్రవమేట. వంద మిల్లీలీటర్లు దాటితే లోపలికి రానివ్వరు. మందులకి మాత్రం ఆ నిబంధన లేదు. ఆవకాయ పెద్దపెట్టెలోకి వెళ్ళింది, మూడు ప్లాస్టిక్ కాగితాల కింద, ఏడు వారాల నగలు పెట్టినంత భద్రంగా. నేను మెంతికూర చపాతీలు పది చేసుకున్నాను, కూర లేకుండానే తినేటట్టు కాస్త కారం తగిలించి. గుప్పెడు బాదంపప్పులు, ఒక బిస్కట్ల పొట్లం, వేయించిన శెనగలు. శెనగలు వదినగారి సలహా. షుగరుకి మంచివేగానీ విమానానికి కావు. ఆ లోపలి గాలి పీడనం ఆరు నించి ఎనిమిదివేల అడుగుల కొండమీద ఉన్నట్టుంటుందిట, అంటే ఇంచుమించు ఊటీలో కూచున్నట్టు. అక్కడ బిస్కట్ల పొట్లం బుడగలా ఉబ్బింది. నా కడుపు ఏమయిందో వేరే చెప్పాలా? గుప్పెడు శెనగలు తిన్న పాపానికి మూడు గంటలు అటూ ఇటూ ఒత్తిగిలుతూ కూచున్నాను.

దుబాయిదాకా అంతా సవ్యంగానే జరిగింది. అక్కణ్ణించి రెండో విమానం. నా పక్కన ఒంగోలునించి వస్తున్న కుర్రాడు, చదువుకోడానికి వెళుతున్నాడు. కూచోగానే "ఆంటీ, ఏమన్నా కావాలంటే చెప్పండి" అన్నాడు. "ఏమీ అక్కర్లేదు బాబూ" అన్నాను. ఆ సమయానికి నా తిండి సంచీ తలపైన అరలో, పెట్టెల వెనకాల ఉంది.

ప్రత్యేక భోజనాలు అందరికంటే ముందు తెచ్చిస్తారు. పళ్ళెం మూత తీసి చూద్దును కదా, అన్నం, బంగాళాదుంప కూర, రొట్టెముక్క, పాయసం, సీలు వేసిన కమలారసం డబ్బా. షుగరు మనిషిని పరీక్షించడానికి సర్దినట్టుంది! పోనీ రుచైనా ఉందా అంటే, అదీ అంతంతమాత్రం. తప్పు వండినవాళ్ళది కాదుట. 2010లో జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థవాళ్ళు విమానంలోలాంటి పొడిగాలీ తక్కువ పీడనమూ కల్పించి జనానికి భోజనాలు పెట్టి చూస్తే, ఉప్పూ తీపీ నాలిక్కి మామూలుకంటే తక్కువగా తెలిశాయిట. అల్లుడు చెప్పాడు. సగం అన్నం, కూర తిని, పాయసమూ కమలారసమూ ముట్టకుండా వెనక్కి ఇచ్చేశాను. నా నిగ్రహానికి నేనే మెచ్చుకున్నాను. పక్క కుర్రాడు తన రసం డబ్బా తాగకుండా ముందు సీటు జేబులో దోపుకున్నాడు.

నా గడియారంలో రాత్రి ఏడుంబావు. విమానంలో దీపాలార్పి అందరూ నిద్రపోతున్నారు. ఇంతలో ముందువైపు తెర వెనకాల దీపం వెలిగింది. పళ్ళేల చప్పుడు, వేడి రొట్టె వాసన. ఇహ అరగంటలో వచ్చేస్తాయి, పైగా నాది అందరికంటే ముందు! దుప్పటి కింద, ఎవరూ చూడకుండా, సూది వేసేసుకున్నాను. డాక్టరుగారి మాట ఆ క్షణంలో గుర్తురాలేదంటే నమ్ముతారా? పధ్నాలుగేళ్ళ అలవాటు ముందు నడిచింది, నేను వెనక నడిచాను.

పది నిమిషాలు గడిచాయో లేదో, విమానం గతుకుల రోడ్డుమీద బస్సులా ఎగిరెగిరి పడడం మొదలెట్టింది. బెల్టు దీపాలు వెలిగాయి. అందరూ బెల్టులు పెట్టుకోండి, సిబ్బంది కూడా కూచోండి అని పైలటు చెప్పాడు. బళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. తెర మూసుకుంది.

పావుగంటయింది. అరగంటయింది. కుదుపులు ఆగవు. ముప్పావుగంట. వేళ్ళు వణకడం తెలుస్తోంది. చల్లటి గదిలో మెడవెనక చెమట, గుండె దడదడ. ఇదేమిటో నాకు తెలుసు, ఇంట్లో రెండుసార్లు వచ్చింది. తెలిసీ ఏం చేశానంటే, ఊరికే కూచున్నాను. లేవకూడదు, సంచీ అందదు. పిల్లాణ్ణి లేపడానికి మొహమాటం. వాడు నోరు తెరుచుకుని పసివాడిలా నిద్రపోతున్నాడు. ఇంకో అయిదు నిమిషాలు చూద్దాం, ఇప్పుడో ఇహనో బండి వస్తుంది కదా అని.

మీకు నవ్వు రావచ్చు. కానీ ఆలోచించండి, నాకు ఆకలేస్తోంది, తినడానికి ఏమన్నా పెట్టండి అని నేను నోరు విప్పి అడిగి ఎన్నేళ్ళయిందో! పెళ్ళయిన కొత్తలో మా అత్తగారింట్లో పద్ధెనిమిదిమందికి వడ్డించాక మిగిలినదేదో అదే నా భోజనం. ఎవరూ నన్ను తినద్దనలేదు. నేనూ అడగలేదు. తరవాత సంసారం నాదైంది, గరిటె నా చేతికొచ్చింది, ఇహ అడగాల్సిన అవసరమే లేకపోయింది. షుగరు వచ్చాక కూడా పెళ్ళిళ్ళలో పంక్తి ఆలస్యమైతే కళ్ళు తిరుగుతున్నా నవ్వుతూ నిలబడ్డదాన్నేగాని, ముందు నాకు పెట్టండి అనలేదు. అమ్మాయి చెప్పమన్న ఆ ఒక్క మాటా విమానంవాళ్ళకి చెప్పకపోవడానికి కారణం ఇదేగాని మర్చిపోయి కాదు.

ఎదురుగా ఉన్న తెరమీద అక్షరాలు రెండేసిగా కనిపించడం మొదలెట్టాయి. అప్పుడు భయం వేసింది. అమ్మాయి కడుపుతో విమానాశ్రయంలో నిలబడి ఉంటుంది, నన్ను కుర్చీలో పడుక్కోబెట్టి దింపుతారు కాబోలు అనిపించింది. పిల్లాడి భుజంమీద తట్టాను.

"బాబూ, నాకు షుగరు పడిపోతోంది. తీపి ఏదైనా కావాలి."

నాలిక తడబడి ఆ మాట ఎలా వచ్చిందో ఏమో. వాడు కళ్ళు నులుముకోనుకూడా లేదు. సీటు జేబులోంచి ఆ కమలారసం డబ్బా లాగి, సీలు చింపి నా చేతిలో పెట్టి, నా చెయ్యి వణుకుతోందని తనే పట్టుకుని తాగించాడు. పైన గంట నొక్కాడు. నేను మధ్యాహ్నం గొప్పగా వెనక్కి ఇచ్చిన రసమే, వాడిది గనక మిగిలింది.

మీటరు నా పర్సులోనే ఉంది. రక్తం చుక్క పెట్టి చూస్తే 54. "మా నాన్నకీ ఉంది ఆంటీ. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలి" అన్నాడు. పదిహేను నిమిషాలకి 73. ఈలోగా కుదుపులు సద్దుమణిగి ఎయిర్‌హోస్టెస్ పరుగెత్తుకొచ్చింది. సంగతి విని, "ఎక్కగానే ఒక్క మాట చెప్పి ఉంటే మీ సీటు దగ్గర రసం ఉంచేదాన్నికదమ్మా" అంది ఇంగ్లీషులో. ఆ 'అమ్మా' మాత్రం నేను కలుపుకున్నది.

కుర్రాడు సంచీలోంచి వాళ్ళమ్మ చేసిన సున్నుండలు తీశాడు. ముందే అది తినేస్తే లాభం లేదుట. నెయ్యి ఉన్న తీపి నెమ్మదిగా ఒంటబడుతుంది, పళ్ళరసమో చక్కెర నీళ్ళో ముందు పడాలి. ఆ తరవాత కడుపులో నిలిచే తిండి. పధ్నాలుగేళ్ళ తరవాత నేను సున్నుండ తిన్నది ముప్ఫై అయిదువేల అడుగుల ఎత్తున, అదీ సగం. వాళ్ళమ్మ మినుగులు బాగా దోరగా వేయించింది. నా చపాతీల్లో నాలుగు వాడు తిన్నాడు. తెర తీసి బండి వచ్చేసరికి ఇద్దరికీ ఆకలి లేదు.

దిగేముందు ట్రేలో వచ్చిన ఆపిలు సంచీలో వేసుకోబోతే వాడే ఆపాడు. అమెరికాలోకి పళ్ళు తీసుకెళ్ళనివ్వరుట, మిగిలిన తిండి ఏముందో కూడా అడిగితే దాచకుండా చెప్పాలిట. ఆపిలు అక్కడే కూచుని తినేశాను. బయట అమ్మాయి, నిండుచూలాలు, కావిలించుకుని "భోజనం బాగా పెట్టారా?" అంది. "ఓ!" అన్నాను. పురుడు అయిన పదకొండోనాడు గాని అసలు సంగతి చెప్పలేదు. చెప్పిననాడు మళ్ళీ పురిటి నెప్పులొచ్చినట్టు కేకలేసింది.

అక్టోబరులో తిరుగు ప్రయాణం. తిండి సంచీ కాళ్ళదగ్గరే పెట్టుకున్నాను. పంచదార పొట్లాలు ఆరు, పర్సులో. ఎక్కుతూనే గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయికి చెప్పాను. కూచుని బెల్టు పెట్టుకుని, పక్కసీటులో ఉన్న పెద్దావిడవైపు తిరిగాను. గుజరాతీ ఆవిడలా ఉంది. వచ్చీరాని హిందీలో మొదలెట్టాను.

"చూడండీ, నాకు షుగరుంది. సూది వేసుకుంటాను. నేనెప్పుడైనా తికమకగా మాట్లాడితే..."

ఆవిడ నన్ను ఆపి, తన చేతిసంచీ జిప్పు తీసి చూపించింది. లోపల ఒక మీటరు, సూదుల డబ్బా, దాని పక్కన నాలుగు పళ్ళరసం డబ్బాలు.

"పొద్దున్న మీదెంత?" అంది.

"నూట ముప్ఫై" అన్నాను.